టేపు మీద లేని నాలుగు వాక్యాలు

దేవేంద్ర మదనపల్లెలో బీయస్సీ ఫిజిక్స్ చదివి, కుప్పం దగ్గర ఒక గ్రానైట్ కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే పనిలో చేరాడు. పెద్దాఫీసువాటితో సహా కంపెనీ మెయిళ్లన్నీ ఆఫీసు మూలగదిలోని ఒక్క సర్వర్‌లోనే ఉండేవి. రోజూ సాయంత్రం వాటి నకలు టేపుకెక్కించి, పైన తేదీ రాసి బీరువాలో పెట్టాలి. మూడేళ్లలో ఒక్కరోజూ మానలేదు. ఎక్కిందో లేదో తిరిగి చదివి చూసింది మాత్రం ఎన్నడూ లేదు.

2003 డిసెంబరులో క్రేన్ నడిపే గంగులప్ప వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పుంగనూరు మనిషి. రాతిపొడికి కనురెప్పలు తెల్లబడి ఉన్నాయి.

"క్రేను తాడు పురులు తెగిపోతాండాయి అప్పా. నోటితో చెప్తే ఎవురూ ఇనలేదు. నీ మిషన్లో పెద్దాఫీసుకు రాయి."

దేవేంద్ర ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు కొట్టి పంపాడు. గంగులప్ప తెర మీదికి వంగి, తన పేరు యాడుండాదో అడిగి చూపించుకుని, నవ్వుకుంటూ పోయాడు. జవాబు రాలేదు. మూడో వారంలో ఆ ఇనుప తాడు తెగి, దాని కొస క్యాబిన్‌ను కొట్టింది. గంగులప్పను ఆసుపత్రి దాకా తీసుకుపోయే పని కూడా లేకపోయింది.

తాడు సంగతి తమకెవరూ చెప్పలేదని, తప్పు డ్రైవరుదేనని కంపెనీ లేబర్ ఆఫీసు విచారణకు రాసిచ్చింది. మెయిలు అచ్చు తీయాలనుకుంటూనే దేవేంద్ర నాలుగు రోజులు గడిపాడు. ఇంట్లో ఆరు నెలల పాప. ఈ ఉద్యోగం పోతే ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది? ఐదో రోజు వోల్టేజీ ఎగిరిపడి సర్వర్ డిస్కు కాలిపోయింది.

బీరువాలోని టేపులు ఒక్కొక్కటే పెట్టి చూశాడు. అక్టోబరు మొదటి రోజుల దాకా ఉన్నవి వచ్చాయి. ఆ తర్వాతవన్నీ ఖాళీ. టేపులెక్కించే డ్రైవు విప్పితే, టేపును చదివే భాగానికి ఎర్రగా ఏదో పట్టి ఉంది. కుంకుమ. ఆయుధపూజ నాడు ఆఫీసులోని అన్ని యంత్రాలతో పాటు దానికీ, టేపు దూర్చే చోటనే, ధారాళంగా బొట్టు పెట్టింది తనే. మర్నాటి నుంచి డ్రైవు మీద, శుభ్రం చేయమనే పసుపురంగు దీపం వెలుగుతూనే ఉంది. టేపు బయటికొస్తోంది కదా, పని అయినట్టే అనుకున్నాడు.

ఆదివారం పుంగనూరు పోయి గంగులప్ప భార్య ఆదిలక్ష్మికి జరిగింది చెప్పాడు. ఆమె మంచినీళ్లిచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుని అంతా విన్నది.

"మిషన్లో లేకుంటే పోనీలేప్పా. రాసినోడివి నువ్వుండావు గదా. ఆయప్ప చెప్పింది, నువ్వు రాసింది, ఇచారణకొచ్చి ఆ మాటే చెప్పు. నీకు గుర్తుండాది గదా?"

దేవేంద్ర చేతిలోని లోటా వంక చూశాడు.

"సరిగ్గా గుర్తులేదమ్మా."

"అట్లనా," అని ఆమె లోటా అందుకుని లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు.

తిరిగి కుప్పం బస్సులో కూర్చున్నాక అతనికొక సంగతి తెలిసివచ్చింది. ఖాళీ టేపులు చూసినప్పుడు గుండె జారిన మాట నిజమే. ఆ వెంటనే కాస్త ఊపిరి తేలికపడిన మాటా నిజమే.

విచారణ డ్రైవరు తప్పుగానే ముగిసింది. ఆ తర్వాత దేవేంద్ర ప్రతి శుక్రవారం ఒక టేపు తిరిగి చదివి సరిచూసేవాడు. పనిలో శ్రద్ధ ఉందని మేనేజరు మెచ్చుకున్నాడు. ఆ నాలుగు వాక్యాలు అతనికి అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి, చివర 'దయచేసి వెంటనే' అన్న ముక్కతో సహా.