అక్కను కరిచిన పిల్లి

బిట్రగుంట రైల్వే కాలనీలో బదిలీ అయినవాళ్లు మంచాలు, బిందెలు, కోళ్ల గంపలతో సహా అన్నీ బండికెక్కించుకుని పోయేవారు. పిల్లుల్ని మాత్రం వదిలేసేవారు. అవి ఖాళీ క్వార్టర్ గుమ్మం ముందు అరిచి అరిచి, చివరికి మా అక్క వంటింటి వెనక్కి చేరేవి. అక్క చేపల తలకాయలు ఉడికించి అన్నంలో కలిపి పెట్టేది. అవి అరవైల తొలి ఏళ్లు. నేను డిప్లమా ముగించి ఇంజన్ల షెడ్డులో శిక్షణకు చేరి, అక్కాబావల దగ్గరే ఉంటున్నాను.

ఆ వేసవిలో ఎదురింటి డ్రైవరు కుటుంబం ఒక చారల పిల్లిని వదిలి వెళ్లింది. చాలా సాధువు. అటువంటిది, ఒక ఉదయం పాత చీరల బుట్టలోంచి అక్క దాన్ని పైకెత్తబోతే, బొటనవేలి మొదట్లో పళ్లు దిగేలా కరిచింది.

రైల్వే డాక్టరు గారు గాయం సబ్బుతో కడిగించారు. "పిల్లిని చంపొద్దు. పది రోజులు మూసిపెట్టి చూడండి. అది బాగుంటే మీకు భయం లేదు. చచ్చినా, కనపడకుండా పోయినా పొట్ట చుట్టూ సూదులే" అన్నారు. పిచ్చి పట్టిన పిల్లి తిండి మానేస్తుందనీ, చీకటి వెతుక్కుంటుందనీ, మనిషిని చూస్తే తిరగబడుతుందనీ చెప్పారు. చిన్నప్పుడు మా ఊళ్లో ఒకతన్ని కుక్క కరిచింది. సూదులు వేయించుకున్నా, నీళ్ల చెంబు చూసి వణుకుతూ ప్రాణం విడిచాడు. నాకు అదే కళ్లలో మెదిలింది.

పిల్లిని పెరట్లోని బొగ్గుల కొట్లో పెట్టి తాళం వేశాను. షెడ్డులో ఇంజన్ను పరీక్షించినట్టే దాన్ని పరీక్షించసాగాను: తిండి, నీళ్లు, చూపు, నడక, గొంతు. మధ్యాహ్నం వరకు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సాయంత్రానికి తిండి ముట్టలేదు. మూకుట్లో నీళ్లు తగ్గలేదు. చీకటి మూలకు చేరి రొప్పుతోంది. దగ్గరికి వెళితే గుర్రుమంది.

ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ అయిన బావ డ్యూటీ దిగి వచ్చి, సంగతి విని బొగ్గు పార అందుకున్నాడు.

"పక్కకు తప్పుకో అబ్బయా. ఇంక చూసేదేంది?"

"చంపితే తెలిసేదెట్టా బావా? డాక్టరు వద్దన్నాడు గదా."

"ఆయన్నేమన్నా కరిచిందా?"

"కరిచింది నన్ను. మీరిద్దరూ ఎగిరేదేంది? అన్నానికి రాండి" అంది అక్క వంటింట్లోంచి.

కట్టు కట్టిన చేత్తోనే వడ్డించింది. తను తిని లేచింది గాని నీళ్లు తాగలేదు. మరిచిపోయిందో ఏమో.

తెల్లవారాక తాళం తీశాను. బావ పారతో వెనకే నిలబడ్డాడు. పిల్లి పక్కకు వాలి పడి ఉంది. కదలడం లేదు.

"పోయింది" అన్నాడు బావ. పార దించేశాడు. అతని ముఖం పాలిపోయింది.

అప్పుడు నూనె లేని తలుపు బందులాగా సన్నగా ఒక కీచు వినపడింది. దాని వెంటే ఇంకొకటి. పిల్లి తల ఎత్తి మమ్మల్ని చూసి, పొట్ట దగ్గర బొగ్గుపొడి అంటుకున్న పిల్లల్ని నాకసాగింది.

"మీ అక్క తిండికి లావెక్కిందనుకుంటిమే" అన్నాడు బావ నేల మీద చతికిలబడి.

అతను నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఈనిన పిల్లికి పిచ్చి ఉండదని ఎవరు చెప్పారు? గడువు ఇంకా మిగిలే ఉంది. షెడ్డు నుంచి రాగానే కొట్టు తలుపుకు చెవి ఆనించి, పిల్లి నీళ్లు గతికే చప్పుడు వినపడేదాకా కదిలేవాణ్ణి కాదు.

గడువు దాటింది. ఇక భయం లేదన్నారు డాక్టరు గారు. అక్క తల్లినీ పిల్లల్నీ తన చీరల బుట్టలోకి మార్చింది. ఆ తర్వాత కూడా అక్క చెంబు ఎత్తినప్పుడల్లా నా చూపు ఆమె గొంతు మీదికే పోయేది. ఒకనాడు దొరికిపోయాను.

"ఏందిరా, నేను నీళ్లు తాగుతుంటే అట్టా చూస్తుండావు?"

"ఏం లేదక్కా."

అక్క చెంబు మళ్లీ ఎత్తి, నాకు వినపడేటట్టు గుటక గుటకగా అడుగంటా తాగి, ఖాళీ చెంబు నా ముందు బోర్లించింది.