బోరు దగ్గర చెప్పించిన ఇంగ్లీషు

నేను అక్షరాలు దిద్దింది యాభై ఐదో ఏట, వయోజన విద్య పలక మీద. ఒక్కో అక్షరం వందసార్లు రాస్తే గాని నాకు పట్టుబడలేదు. అందుకే చదువంటే రాయడమేనని గట్టిగా నమ్మాను. ఆ నమ్మకంతోనే మా మనవరాలిని చెడగొట్టబోయాను.

డిగ్రీ అయ్యాక హిందూపురం దగ్గర ఒక కంపెనీలో ఇంటర్వ్యూకి పోయి, ఇంగ్లీషులో నోరు పెగలక తిరిగొచ్చింది. మరో కంపెనీ నుంచి పిలుపు వస్తే పోనని మొండికేసింది. పిల్లను తికమక పెట్టేది పెద్ద మాటలు కాదు, వాటి వెనక చేరే చిన్న మాటలు. టర్న్ అంటే తిప్పడమట. ఆన్ చేరిస్తే మోటారు నడుస్తుంది, ఆఫ్ చేరిస్తే ఆగుతుంది, అప్ చేరిస్తే మనిషి వచ్చి నిలబడతాడు, డౌన్ చేరిస్తే అడిగినదాన్ని కాదంటారు. తిప్పడానికీ కాదనడానికీ సంబంధమేమిటో నాకు ఈనాటికీ తెలియదు.

"వందసార్లు రాయి" అన్నాను. రెండు నోటుపుస్తకాలు నింపింది. అడిగితే మాత్రం మళ్లీ పుస్తకం తెరిచి వెతికింది.

చూసి చూసి నా పెండ్లాం గద్దించింది. "ఏమయ్యా, చెట్లకు నీళ్లు పెట్టేది నువ్వు పుస్తకంలో రాసి నేర్చుకుంటివా? పిల్లను తోటకు పిల్చుకపో!"

ఆ మాట నిజం. మరుసటి పొద్దున మా చీనీ, అదే బత్తాయి తోటలో బోరు మోటారు స్టార్టరు ముందు నిలబెట్టాను. నేను తెలుగులో పని చెబుతాను, ఆమె ఆ పని చేస్తూ ఇంగ్లీషులో చెప్పాలి.

"మోటారు వెయ్యి."

"టర్న్ ఆన్."

"తొట్టి నిండల్ల."

"ఫిల్ అప్."

"మన బోరు సంగతి తెలుసు గదా, అరగంటకే నీళ్లు అయిపోతాయి."

"రన్ ఔట్ తాతా! ఆమీట చెట్లు డ్రై అప్!"

"ఊరికే చెట్లను ఎండబెడతాండావేమే, ముందు వాల్వు తిప్పు!"

పగలబడి నవ్వింది. నెలరోజులకు నేను ఆ నవ్వు విన్నాను. వారం పాటు రోజూ ఇదే పని.

ఇంటర్వ్యూ రోజు తోడుపోయి ఆ రెండో కంపెనీ గేటు బయట కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చింది.

"ఖాళీగా ఉంటే ఇంటికాడ ఏం చేస్తావని అడిగినారు తాతా. బోరు గురించి ఇంగ్లీషులోనే చెప్పినా. మోటారు వేసేకాడి నుంచి పైపు పగిలేదాకా."

"సాలించమన్నారా?"

"లేదు, ఇంకా అడిగినారు. సోమవారం పెద్దసారును కలవల్లంట."

ఆదివారం సాయంత్రం మా మనవరాలు, మరుసటి రోజు పోవాలా వద్దా అని ఎవరినీ అడగలేదు. తొలి బస్సు ఎన్నింటికని మాత్రం అడిగింది.