మింగడం చూశాకే రెండో చుక్క

మా మేడం పోయారు. గుడివాడలో నేను పనిచేసే ఆసుపత్రిలో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన్ని పక్కకి తిప్పుతుంటే జేబులో ఫోన్ మోగింది. సగం తిప్పిన మనిషిని వదిలేసి ఫోన్ తీస్తే ఆవిడ నా వేళ్ళు విరగ్గొట్టేవారు. అందుకని ఆయన వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఇంకొకటి సర్ది, చేతులు కడుక్కున్నాకే చూసుకున్నాను. నాతో చదివిన అమ్మాయి. "మేడం పోయారే. పొద్దున్నే గుండెపోటంట. బందరు వస్తున్నావా?" అంది. వస్తున్నానన్నాను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అంతమందిని చావు చేతుల్లోంచి లాక్కొచ్చిన మనిషిని అది ఒక్క దెబ్బకి పట్టుకుపోవడం నాకు నచ్చలేదు.

బందరు నర్సింగ్ స్కూల్లో ఆవిడ మా ట్యూటర్. రోగికి పక్క వెయ్యడం, ఒళ్ళు తుడవడం, నోరు శుభ్రం చెయ్యడం, అన్నం తినిపించడం, ఇలా నర్సుకి మొట్టమొదట రావలసిన పనులన్నీ ఆవిడే నేర్పేవారు. పుస్తకంలో ఎంతో సౌమ్యంగా కనిపించే ఆ పాఠాలు ఆవిడ దగ్గర కొట్లాటలా ఉండేవి. దుప్పటిలో ముడత కనిపిస్తే పరుపుతో సహా లాగి కింద పడేసేవారు. ఒకసారి దుప్పటి కింద గుప్పెడు బియ్యం చల్లి, దాని మీద మమ్మల్ని మధ్యాహ్నమంతా కదలకుండా పడుకోబెట్టారు. లేచేసరికి వీపంతా ఎర్రటి చుక్కలు. "నీకు ఒక్క పూటకే ఏడుపొచ్చింది. కదల్లేనోడు నెల్లాళ్ళు పడుకుంటాడే. ఎవరితో చెప్పుకుంటాడు?" అన్నారు. చేతులు కడుక్కోవడం నేర్పిన రోజు నీలం ఇంకు పూసి, కళ్ళకి గంతలు కట్టి, కడుక్కోమన్నారు. గంతలు విప్పాక ఎవరి బొటనవేలి మొదట్లో నీలం మిగిలిందో అక్కడే స్కేలుతో ఒక్కటి పడింది. అలా కొట్టి నేర్పడం తప్పని మీరనవచ్చు. నేనూ అప్పుడు హాస్టల్లో పడుకుని ఆవిడకి నానా శాపాలూ పెట్టాను.

ఆవిడకి సారీ చెప్పడం రాదు. మరీ ఎక్కువ తిట్టిన రోజున సాయంత్రం హాస్టల్‌కి క్యారియర్ నిండా చేపల పులుసు వచ్చేది. తెచ్చిన ఆటో అతన్ని ఎవరు పంపారని అడిగితే "మీ మేడం గారు. చెప్పొద్దన్నారండీ" అనేవాడు. మేము ముళ్ళు తీసుకుంటూ ఆవిణ్ణి మళ్ళీ తిట్టుకుంటూ తినేవాళ్ళం.

అన్నిటికంటే ఎక్కువగా ఆవిడ మమ్మల్ని భయపెట్టిన పాఠం నీళ్ళు తాగించడం. ఇందులో నేర్చుకోవడానికి ఏముందని నవ్వుకున్నాం. నన్ను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల పైకెత్తనివ్వకుండా, ఇంకో అమ్మాయి చేత గ్లాసుతో నోట్లో పోయించారు. పొలమారింది. ముక్కులోంచి నీళ్ళొచ్చాయి, కళ్ళు బైర్లు కమ్మాయి, చచ్చిపోతున్నాననుకున్నాను. నేను దగ్గుతుంటే ఆవిడ క్లాసు వైపు తిరిగి చెప్పారు. "దీనికి స్పృహ ఉంది కాబట్టి దగ్గింది. తలకి దెబ్బ తగిలి మగతలో ఉన్నోడు దగ్గలేడు. వాడికి పోసిన నీళ్ళు కడుపులోకి పోవు, ఊపిరిలోకి పోతాయి. మింగగలడో లేదో తెలుసుకోకుండా నోట్లో పోస్తే అది నీళ్ళు కాదు, విషం. మింగడం చూశాకే రెండో చుక్క." ఆ మాట నాకు ఎంత అవసరం పడుతుందో అప్పటికి నాకు తెలియదు.

మాది నాగాయలంక అవతల ఒక చిన్న ఊరు. మా వరిచేను పక్కన ఒకాయన రొయ్యల చెరువు తవ్వాడు. చెరువులోని ఉప్పునీళ్ళు మా చేలోకి వదిలేవాడు, పైరు మాడిపోయేది. రెండేళ్ళు మాటలతో నడిచిన గొడవ ఒకరోజు గట్టు మీద కత్తులదాకా వచ్చింది. ఆయన మా అన్నయ్య కుడిచేతి మీద నరికాడు. మావాళ్ళు పలుగు తిప్పి ఆయన తల పగలగొట్టారు. అన్నయ్యని విజయవాడ తీసుకెళ్ళారు. ఆయన్ని బందరు తెచ్చారు, సరిగ్గా మేడం కింద నేను ట్రైనింగ్ డ్యూటీ చేస్తున్న వార్డుకి. తలనిండా కట్టు, మగత, మంచానికి బేడీ వేసి కట్టిన చెయ్యి, పక్కన ఒక కానిస్టేబులు.

మేడం నన్ను పక్కకి పిలిచి, "మీ అన్నయ్యని నరికింది ఈ మనిషేనా?" అని అడిగారు.

"అవునండి."

"ఏం చెయ్యాలనుంది?"

"చంపాలనుందండి" అన్నాను. అబద్ధం చెప్పినా ఆవిడకి తెలిసిపోతుంది.

ఆవిడ ఆశ్చర్యపోలేదు, నీతులు చెప్పలేదు. "సరే, ఉండనీ. నువ్వు వాణ్ణి ముట్టుకోవద్దు. బేసిన్ పట్టుకుని నుంచో, నేను తుడుస్తాను" అన్నారు. మమ్మల్ని స్కేలుతో కొట్టిన ఆ చేతులే ఆయన చెవి వెనక గడ్డకట్టిన నెత్తుటిని తడిపి, నానబెట్టి, చర్మం లాగకుండా తీశాయి. మధ్యలో ఆయన "అమ్మా, నీళ్ళు" అన్నాడు. మళ్ళీ అన్నాడు. నా వైపే చూసి అన్నాడు. ఇవ్వకూడదని నాకు తెలుసు. నేను ఇవ్వకపోవడంలో నాకు సంతోషం కూడా ఉందని నాకు తెలుసు.

ఆ సాయంత్రం ఆయన తల్లి, ఇద్దరు మేనల్లుళ్ళు వచ్చారు. కానిస్టేబులు టీకి వెళ్ళాడు. మేడం వార్డు ఆ చివర ఇంకో రోగి దగ్గర ఉన్నారు. ఆ తల్లిని చిన్నప్పటినుంచీ నేను అత్తా అని పిలిచేదాన్ని. కొడుకు ముఖం చూసి ఇక బతకడని ఆవిడ నిశ్చయించుకుంది. కొంగు చాటునుంచి స్టీలు గ్లాసు తీసింది. అందులో తులసాకు వేసిన నీళ్ళు. పోయేవాళ్ళ నోట్లో తీర్థం పడకపోతే ప్రాణం గిలగిల్లాడుతుందని మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అంటారు, నేనూ నమ్మేదాన్ని. ఆవిడ కొడుకు తలని అరచేత్తో ఎత్తి, గ్లాసు పెదాల దగ్గర పెట్టింది.

నేను మంచం కాళ్ళవైపు నిలబడి ఉన్నాను. నేను కదలకపోతే చాలు. నామీదికి ఏదీ రాదు. కన్నతల్లి చేతి తీర్థం, ఎవరు తప్పుపడతారు? పైగా పుణ్యం అంటారు. మా అన్నయ్య చెయ్యి తెగి వేలాడుతుంటే తువ్వాలుతో చుట్టి బండెక్కించారని మా నాన్న ఫోన్లో చెప్పిన మాట చెవుల్లో ఉంది. నిలబడ్డాను. ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత ఆ గ్లాసుని నా చెయ్యి బలంగా కొట్టింది. నీళ్ళన్నీ గోడమీద పడ్డాయి, గ్లాసు దొర్లుకుంటూ పక్క మంచం కిందికి పోయింది.

"వీడి నోట్లో తీర్థం కూడా పడనివ్వవా? నీ చేతులు పడిపోను" అని అత్త నా చెంప పగలగొట్టింది. ఒక మేనల్లుడు జుట్టు పట్టుకుని నా నుదురు మంచం కమ్మీకేసి కొట్టాడు. "శత్రువుల పిల్లని కాపలా పెట్టారురా" అని రెండోవాడు సెలైన్ స్టాండు పెరికి ఎత్తాడు. అది నా నెత్తిన పడలేదు. మేడం మధ్యలోకి వచ్చి చెయ్యి అడ్డం పెట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆవిడ రెండో చేత్తో వాడి కాలరు పట్టుకుని, స్టాండు కొన తగిలి తన పెదవి తెగి నెత్తురు కారుతుండగా, గొంతు పెంచకుండా అన్నారు. "నన్ను ఇంకోటి కొట్టుకో. ఈ మంచం కదిపావంటే మాత్రం మీ మావయ్య ఇక్కడే చస్తాడు."

వాడు ఆగాడు. ఆవిడ తల్లి వైపు తిరిగారు. "అమ్మా, ఆ నీళ్ళు పోసుంటే ఊపిరాడక ఈపాటికి నీ కొడుకు పోయేవాడు. ఈ పిల్ల అడ్డం పడింది." ఆవిడ నమ్మిందో లేదో నాకు తెలియదు. విరిగిన చేతిని రొమ్ముకి ఆనించుకుని, మేడం నా చేత ముందు ఆయన్ని పక్కకి తిప్పించి, నోట్లో నీళ్ళేమీ పడలేదని చూసుకున్నారు. తర్వాత అత్తకి కట్లు కట్టే గాజుగుడ్డ ముక్క ఇచ్చి తడపమన్నారు. "పిండు. ఇంకా పిండు. చుక్క కారకూడదు. ఇప్పుడు పెదాలు తడుపు. నీ తీర్థం ఇంతే." ఆ ముసలావిడ ఏడుస్తూ అలాగే తడిపింది. అప్పుడు మేడం వెళ్ళి కట్టు కట్టించుకున్నారు.

స్టాండు ఎత్తిన కుర్రాడి మీద మేడం కేసు పెట్టారు. ఊరి పెద్దలు వచ్చి క్షమించమ్మా అని బతిమాలితే, "క్షమించడం నా డ్యూటీ కాదండీ. కట్టు కట్టమంటే కడతాను" అని పంపేశారు. ఆవిడ చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఆ వంకర చేత్తోనే తర్వాత బ్యాచ్‌లన్నిటికీ దుప్పటి మూలలు మడవడం నేర్పారు, దాంతోనే కొట్టారు కూడా.

ఆయన బతికాడు. మా ఇంట్లో మాత్రం నేను చచ్చినంత పనయింది. "వాళ్ళమ్మే పోస్తుంటే మధ్యలో నీకెందుకే?" అన్నారు నాన్న. అన్నయ్య చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ అతని మూడు వేళ్ళు మడతపడవు. చదువు మానేస్తానని మేడం దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తల ఎత్తకుండా అన్నారు. "ఆ చివరనుంచి పరిగెత్తుకొస్తూనే ఉన్నాను. నువ్వు నుంచోవడం చూశాను, కదలడమూ చూశాను. నుంచున్న సంగతి నేనెవరికీ చెప్పను. కదిలినదానివి, వెళ్ళి డ్యూటీ చెయ్యి."

ఆవిడ ఆ మాట నిలబెట్టుకున్నారు. ఆ నిమిషం సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను, అది మోయడం నాకు బరువుగా ఉంది. అందుకే మీకు చెబుతున్నాను.

బందరులో ఆవిడ ఇంటిముందు షామియానా వేశారు. లోపల మా బ్యాచ్ వాళ్ళు స్నానం చేయిస్తున్నారు. నేను గుమ్మం ఎక్కబోతూ ఆ చెరువాయన్ని చూశాను. ముసలాడైపోయాడు, నుదుటి పక్కన ఎముక లోపలికి పోయిన గుంట అలాగే ఉంది. ఎండలో వచ్చినట్టున్నాడు, మంచినీళ్ళ క్యాను దగ్గర వణికే చేతులతో కొళాయి తిప్పలేక అవస్థపడుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

"ఆ రోజు అడిగాను. నువ్వు ఇవ్వలేదు" అన్నాడు. తల్లి ఆయనకి ఏమి చెప్పిందో, ఏమి చెప్పలేదో.

"ఇవ్వలేదండి" అన్నాను.

గ్లాసు నింపి చేతికిచ్చాను. మనవాళ్ళందరిలాగే తల వెనక్కి వాల్చి ఎత్తిపోసుకోబోయాడు. "అలా వద్దండి. గడ్డం కిందికి దించి కొంచెం కొంచెం తాగండి" అన్నాను. ఎదురు చెప్పకుండా గడ్డం దించాడు. ఒక్కొక్క గుక్కా గొంతు దిగేదాకా చూస్తూ నిలబడ్డాను. గ్లాసు ఖాళీ అయ్యాక ఆయన దాన్ని మళ్ళీ నా వైపు చాపాడు.