నలభై వేల కిలోమీటర్ల సర్వీసుకు బొల్లారం దాకా

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు సైనిక్‌పురి స్టాప్‌లో సికింద్రాబాద్ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. కారు ఇంట్లోనే ఉంది. దానికి కావలసిన సామాన్ల కోసమే ఈ బస్సు.

కిందటిసారి షోరూమ్ బిల్లులో ఎయిర్ ఫిల్టర్ మార్చినట్టు రాశారు. ఇంటికొచ్చి మూత తెరిస్తే పాత ఫిల్టరే, ఒక ఎండుటాకుతో సహా. అడిగితే "పొరపాటు మేడమ్" అని మార్చి ఇచ్చారు. కానీ ఆ కారు వెనక సీట్లో కూర్చునేది మా రెండేళ్ల అమ్ములు. షోరూమ్ అద్దం అవతల వాళ్లు ఇంకేం చేశారో, ఏం వదిలేశారో ఇవతల కూర్చున్న నాకెలా తెలుస్తుంది? వారంటీ అయిపోయింది కనుక ఈసారి నేనే చేస్తానన్నాను. బ్రేకులు మాత్రం ముందురోజే తెలిసిన మెకానిక్ నా కళ్లెదుట విప్పి చూపించాడు.

పదిన్నరకు రెజిమెంటల్ బజార్‌లో స్పేర్ పార్ట్స్ దుకాణం తెరిచారు.

"మీ మెకానిక్‌ను పంపండి మేడమ్."

"నేనే మెకానిక్‌ను."

దుకాణదారు కళ్లజోడు సర్దుకున్నాడు. "అచ్ఛా! అయితే డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ తీస్కోండి. అందరు గదే మర్చిపోతరు."

నేనూ మర్చిపోయాను. ఆయిల్, రెండు ఫిల్టర్లు, వాషర్ కలిపి షోరూమ్ చెప్పినదాంట్లో మూడోవంతు అయింది.

తిరుగు బస్సులో పక్కసీటు పెద్దమ్మ నా ఒళ్లో ఉన్న ఆయిల్ డబ్బాను తట్టింది. "పల్లినూనెనా బిడ్డా?"

"కారుకు పెద్దమ్మా. నేనే పోస్తా."

"గట్లనా! మా ముసలాయన స్కూటర్ సుత జెర చూడరాదు?"

మా ఆయనకు మధ్యాహ్నం షిఫ్టు. అందుకే రెండున్నరకు అమ్ములుని వెంటబెట్టుకుని కారులో బొల్లారం బయలుదేరాను. అక్కడ నా స్నేహితురాలు జ్యోతి వాళ్ల నాన్న యాదగిరి అంకుల్ ఉంటారు. మిలటరీ బండ్ల వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యారు. పెరట్లో ఇనుప ర్యాంపులున్నాయి. జ్యోతి వాళ్లమ్మ, ఆంటీ, అమ్ములుని ఎత్తుకుని లోపలికి వెళ్లింది. అంకుల్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"నేను ముట్టను బిడ్డా. నువ్వు చెయ్యి, నేను చూస్త."

ముందు చక్రాలను ర్యాంపుల మీదికి ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ఇంజన్ చల్లబడేదాకా అరగంట ఆగాం. విప్పిన ప్రతి భాగాన్నీ వరసగా తెల్లగుడ్డ మీద పెట్టించారు. కారు కింద డ్రెయిన్ బోల్టు విప్పితే పాత ఆయిల్ నల్లగా క్యాన్‌లోకి దిగింది. కొత్త వాషర్, కొత్త ఫిల్టర్లు వేశాను. తర్వాత ఆయిల్ పోశాను, డబ్బా మొత్తం.

ఇంజన్ కాసేపు నడిపి, ఆపి, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పై గీత దాటిపోయింది.

"పుస్తకంల ఎంతుంది?"

"మూడు లీటర్లు అంకుల్."

"డబ్బా ఎంతది?"

మూడున్నర. పెరుగు గిన్నెలో కూడా నీళ్లు పోసి తిప్పి ఆ మజ్జిగ వాడుకునే ఇల్లు మాది. అడుగున మిగల్చడం నా చేతికి రాలేదు. మళ్లీ కారు కిందికి దూరి, బోల్టు వదులు చేసి, కొంచెం వదిలి, మళ్లీ బిగించాను. మోచేతి దాకా ఆయిల్. ఈసారి రెండు గీతల మధ్య ఆగింది.

ఐదున్నరకు ఆంటీ టీ ఇస్తూ నా మొహంలో భయం చూసింది. "పొల్లను ఆటోల పంపుదామా? నువ్వు ఒక్కదానివే బండిల పో."

ఊ అనాలనే అనిపించింది. అంకుల్ తెల్లగుడ్డ మడతపెట్టారు. "మా వర్క్‌షాప్‌ల బండి చేసినోడే ముందుగాల అందుల కూసోవాలె. ఒక్క చుట్టు కొట్టి రా," అన్నారు.

కంటోన్మెంట్ రోడ్డు మీద ఒక చుట్టు కొట్టాను. ఆయిల్ లైటు వెలగలేదు, వాసన లేదు. తిరిగొచ్చి దిగి, అమ్ములుని తన సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను.

"ఆటో వద్దా?" అంది ఆంటీ.

"వద్దాంటీ."

ఆరుంపావుకు బయలుదేరి కౌకూర్, యాప్రాల్ మీదుగా వచ్చాం. యాప్రాల్‌లో ఒకసారి ఆపి, ఆయిల్ కారుతోందేమోనని మోకాళ్ల మీద కూర్చుని కారు కిందకి చూశాను. పొడిగా ఉంది. అమ్ములు నిద్రపోయింది.

ఈ పని చేయాలనుకునేవాళ్లకు ఒక రోజు పోతుంది. నా గోళ్ల నలుపు ఇంకా వదల్లేదు. మొదటిసారి తెలిసినవాళ్లు పక్కనుంటే మంచిది. భయం పోతుందని మాత్రం చెప్పను. రేపు పొద్దున్నే మళ్లీ కారు కిందికి తొంగిచూస్తాను. కాకపోతే ఎక్కడ చూడాలో నాకిప్పుడు తెలుసు.