నీళ్ళందుకునే పద్ధతి

భూములు పోయి చాలా ఏళ్ళయినా దేవరకొండ చుట్టుపక్కల మమ్మల్ని దొరలనే పిలుస్తారు. మారథాన్‌లు పరుగెత్తి మోకాలు చెడగొట్టుకుని, తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నుంచి పిల్లలకు పరుగు నేర్పుతున్నాను.

వాళ్ళలో ఒక్క అమ్మాయికే నలభై రెండు కిలోమీటర్లకు సరిపోయే కాళ్ళున్నాయి. గొర్లు కాసే ఇల్లు. వాళ్ళ తాత మా మందను మేపాడు. పరుగులో, దారి పక్కన నేను చాచిన నీళ్ళ సీసాను ఆగకుండా గుంజుకోవాలి. ఈమె నన్ను చూడగానే ఆగేది, రెండు చేతులూ చాచి తల వంచేది. ఊపు తెగిపోయేది. సీసా ఇవ్వడానికి నా బదులు మరొకరిని నిలబెట్టి ఉండవచ్చు. కానీ ఆ తల వంచడం నాకు బాగానే ఉండేది. దిద్దలేదు.

ఆగడం ఇష్టం లేక పోటీల్లో ఆమె నీళ్ళే మానేసింది. కిందటిసారి ఎండకు రోడ్డు మీద పడిపోయింది. దవాఖానలో వాళ్ళ బాపు తేల్చేశాడు: "ఇంకోపాలి పడ్డదంటే పరుగు బంద్, దొరా. గొర్ల ఎంబడి తోల్త."

తర్వాతి పోటీ నల్గొండ రోడ్డు మీద. ముప్పై అయిదో కిలోమీటరు దగ్గర సీసా పట్టుకుని నేను, పక్కన వాళ్ళ బాపు. అప్పటిదాకా ఆమె చుక్క తాగలేదని తెలిసింది. దూరంగా కనిపించింది. భుజం ఒక పక్కకు వాలుతోంది.

"ఎడమ చేత్తోని గుంజుకో!" అని అరిచాను.

"ఎడమ చేతనా దొరా?" అన్నాడు వాళ్ళ బాపు. "మా నాయిన ఇంటే పాణమిడుస్తడు."

"మీ నాయిన పోయి పదేండ్లాయె."

"మల్లొకపాలి పోతడు."

దగ్గరికి రాగానే ఆమె అడుగు నెమ్మదించింది, రెండు చేతులూ లేచాయి. ఆగిందంటే మళ్ళీ కదలడం కష్టం. నేనే కుంటుతూ ఆమె పక్కన పరుగెత్తాను.

"రెండు చేతులు సాపినవంటే సీసా నేలకు గొడ్త!"

భయంగా చూసింది. ఎడమ చేత్తో లాక్కుంది. ఆమె గోళ్ళు నా వేళ్ళకు గీరుకున్నాయి, సగం నీళ్ళు నా ఇస్త్రీ చొక్కా మీద ఒలికాయి. తాగి, సీసా విసిరేసి, వెనక్కి చూడకుండా పోయింది.

"తప్పైంది దొరా," అన్నాడు వాళ్ళ బాపు. నేను ఆమె అడుగులే చూస్తున్నాను. మలుపు తిరిగేదాకా తూలలేదు.

మేము బండి మీద చివరి గీత దగ్గరికి చేరేసరికి ఆమె నాలుగోదిగా దాటి, మోకాళ్ళ మీద చేతులుంచుకుని రొప్పుతోంది. నిలబడే ఉంది.

"మల్ల పందెం యాడనే, బిడ్డా?" అని వాళ్ళ బాపు ఆమెనే అడిగాడు. నా వైపు చూడలేదు.