లోపలి గదిలో అట్టలు

మొన్న ఆదివారం కుందలహళ్ళిలో మా ఇంటి కింద ఇస్త్రీ బండి అతను నీళ్లు చల్లిన నూలు గుడ్డ మీద బొగ్గుల పెట్టె ఆనించగానే లేచిన ఆవిరి వాసన మా కిటికీ దాకా వచ్చింది. అప్పుడే మా పాప బడి పుస్తకంలోంచి తలెత్తి, "నాన్నా, కణం తన డీఎన్‌ఏని కేంద్రకంలోనే ఎందుకు దాచుకుంటుంది? పనంతా బయట కదా జరిగేది?" అంది. ఆ వాసనా ఆ ప్రశ్నా కలిసి నన్ను మడివాళలోని మా పాత ఇంటికి తీసుకుపోయాయి. ఆ ఇంటి గురించి పెళ్లిళ్లలో నేను చెప్పి నవ్వించే ఒక అబద్ధం కూడా గుర్తొచ్చింది.

ఆ ఇంటి వసారాయే మా కుట్టుకొట్టు. కత్తెర నాయనది. దసరా ముందు అక్కడ మిషన్ నూనె, సుద్దపొడి, కొత్త బట్టల గంజి వాసన కలగలిసి ఉండేవి. చలికాలం చిక్కుడు జాతి అనపకాయలు దిగితే ఆడవాళ్లు అక్కడే కూర్చుని నానిన గింజలు పితుకుతుంటే, పప్పు ఎగిరి కుడుతున్న జాకెట్ల మీద పడేది. మేం పిల్లలం దారపు రీళ్లకు రబ్బరు బిగించి బండ్లు చేసి ఆ మధ్యలోనే పరిగెత్తించేవాళ్లం. టీ ఒలికేది, ఇస్త్రీ పెట్టెలోంచి నిప్పురవ్వ ఎగిరేది, కత్తెర జారేది.

ఈ గోలకు దూరంగా, లోపలి గదిలో మేకులకు వేలాడేవి మా అవ్వ అట్టలు. జాకెట్టు ముక్కల ఆకారాలను కొలతకొకటిగా ఆమే మందపాటి అట్టలో కత్తిరించి పెట్టింది. అవి గడప దాటకూడదు. పాత పేపరు మీద అట్ట చుట్టూ గీత గీసి, అక్కర్లేని అంచులు లోపలే కత్తిరించేసి, ఆ పేపరు మాత్రం బయటికి పంపేవారు. పని కాగానే అది పొయ్యిలోకి పోయేది.

అప్పుడే కాపురానికొచ్చిన మా చిన్నమ్మ ఆ అట్టలు పుట్టింటికి చేరవేస్తుందన్న భయంతోనే అవ్వ ఈ నియమం పెట్టిందని నేను చెప్పే కథ. అవ్వలా మూతి తిప్పి మరీ చెప్పేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. చిన్నమ్మా నవ్వేది.

జరిగింది వేరు. చిన్నమ్మ పెళ్లికి ముందు దసరాకి, తొందరలో నాయన అట్టనే తెచ్చి బట్ట మీద పెట్టి కోశాడు. చంక కింద అట్ట అంచును కత్తెర కొంచెం కొరికేసింది. ఎవరూ చూడలేదు. ఆ తర్వాత ఆ అట్టతో కోసిన ప్రతి జాకెట్టూ చంకలో పట్టేసింది. పండగనాడు మా వీధి ఆడవాళ్లు గుమ్మానికి తోరణం కట్టలేకపోయారు. మర్నాడు వసారా నిండిపోయింది.

"చెయ్యెత్తితే ఊపిరాడలేదు కదప్పా, దేవునికి దండమెట్ల పెట్టేది?" అని ఒకామె నాయనను నిలదీసింది.

అవ్వకు నవ్వాగలేదు. "వంగి మొక్కుంటే పోలేదా అమ్మా, పుణ్యం ఇంకా ఎక్కువ" అంది. లోపలికొచ్చాక మాత్రం నాయనతో, "పేపరు చెడితే ఒక జాకెట్టు పోతాది. అట్ట చెడితే వీధి వీధే పోతాది. ఇంక ఇది బయటికి రాకూడదు" అంది.

పాపకు ఇదే చెప్పాను. ప్రోటీన్లు తయారయ్యే గోల బయట, డీఎన్‌ఏ లోపల. దాని నకలైన ఆర్‌ఎన్‌ఏను కణం లోపలే కత్తిరించి సరిచేసి బయటికి పంపుతుంది, పనయ్యాక అది ముక్కలైపోతుంది. నకలు చెడితే నష్టం కొద్దిగానే. అసలుదే చెడి అలాగే ఉండిపోతే, ఆ కణం నుంచి పుట్టే కణాలన్నిటికీ తప్పు అంటుకుంటుంది.

"మరి బాక్టీరియాకు కేంద్రకమే లేదు కదా?"

"అది సంతలో ఒంటరిగా కూర్చునే దర్జీ. అట్టా కత్తెరా అన్నీ ఒళ్లోనే. గబగబా కుట్టేస్తాడు, అతనికీ బాగానే జరుగుతుంది."

సాయంత్రం హొసకోటెలో ఉన్న చిన్నమ్మకు ఫోన్ చేశాను. "ఆ కథ తప్పు చిన్నమ్మా. ఇన్నేళ్లూ ఊరికే నిన్ను దొంగను చేసినా. వచ్చే పెళ్లిలో అందరి ముందరా చెప్తా" అన్నాను.

చిన్నమ్మ, "అవ్వకు కండ్లు మసకలయినాక పేపర్లు గీసింది ఎవరనుకుంటివప్పా? ఆ గది తాళంచెవి నా కొంగుకే కదా ఉండింది" అంది.

"మరి ఎప్పుడూ చెప్పలేదే?"

"అందరూ అంత బాగా నవ్వుతా ఉంటిరి, నడుమ నేనేం చెప్పేది? మనసుకు కష్టంగానే ఉండె. పోనీలే, ఆ తమాషా కూడా పాతబడింది, కొత్తది చూసుకో. అట్టలు నా దగ్గరే ఉండాయి, పాప కొలతలు పంపించు."

మడివాళ ఇల్లు ఇప్పుడు పీజీ హాస్టలు. వసారా ఉన్న చోట స్కూటర్లు నిలబెడుతున్నారు. అనపపప్పు పితికి ప్యాకెట్లలో అమ్ముతున్నారు. పాపకు మా రీలు బండి చేసి చూపిద్దామంటే చెక్క రీలు ఎక్కడా దొరకలేదు.

నిన్న చిన్నమ్మ పార్సెల్ వచ్చింది. విప్పితే, పాప కొలతకు గీసి కత్తిరించిన కన్నడ పేపరు ముక్కలు. అట్ట మాత్రం పంపలేదు.