మోకాళ్ల కషాయం

ఎల్‌బీ నగర్ మెట్రో తనిఖీ దగ్గర నా ముందున్న ఎవరో అమ్మాయి సంచిలోంచి నల్లటి ద్రవమున్న సీసా బయటపడేసరికి గార్డు ఆపేశాడు.

"ఏందమ్మా గిది?"

"లిగ్నిన్ అన్నా. కట్టెను పట్టి ఉంచే జిగురు. పెరుగుల ఉండే పులుపు, కోళ్ల దాణాల ఏసే ఉప్పు కలిపి కరిగించిన. ఘాటు రసాయనాలు లెవ్వు. నా పీహెచ్‌డీ అంతా గీ సీసాలనే ఉన్నది."

గార్డుకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. అయినా నా నోరు ఊరుకుంటే కదా!

"నా మేనకోడలే. అది నా మోకాళ్ల కషాయం," అన్నాను.

"అయితే జర తాగి చూపియ్యి, కాకా."

మూత తీశాను. పులిసిన రంపప్పొట్టు వాసన. సీసా పెదవులదాకా వచ్చేసరికి ఆ అమ్మాయి లాక్కుంది.

"వద్దు మామా, బస్సుల పోతా," అని మెట్లు దిగిపోయింది.

ఆమె కాపాడింది నా గొంతునో తన జిగురునో నాకిప్పటికీ తేలలేదు. మోకాళ్లు సలిపినప్పుడల్లా మాత్రం, ఒక్క గుక్క తాగి ఉండాల్సింది అనిపిస్తుంది.